వ్యాను ఆగిన చోట స్నేహం కుదరాలంటే

సంపాదకులకు నమస్కారం.

విజయవాడ, గుంటూరు ఆటోనగర్లలో వ్యానుకు మంచం, అల్మరా, నీళ్ల ట్యాంకు బిగించుకుని నెలల తరబడి ఊళ్లు తిరిగేవాళ్లు ఇప్పుడు మనకు కొత్త కాదు. వాళ్లలో పదవీ విరమణ చేసిన దంపతులున్నారు, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఎక్కడినుంచైనా ఉద్యోగం చేసుకునే కుర్రవాళ్లున్నారు. బయల్దేరేముందు అందరూ పరుపు ఎంత మందం ఉండాలి, సోలార్ ప్యానెల్ ఎంతది పెట్టాలి, ఫ్రిజ్ ఎంత కరెంటు తింటుంది అనే అడుగుతారు. తిరిగొచ్చాక చాలామంది చెప్పేది మాత్రం వేరే సంగతి. చూసిన ఊళ్లు బోలెడు, మాట కలిసిన మనుషులే లేరంటారు. అది వాళ్ల స్వభావంలో లోపం అనుకోనక్కర్లేదు. జనంలో ఆప్యాయత తగ్గిపోయిందనీ అనుకోనక్కర్లేదు. బండి ఎన్నింటికి ఆపారు, ఎవర్ని అడిగి ఆపారు, తలుపు ఎటువైపు తెరుచుకుంది, అక్కడ ఎన్ని రాత్రులున్నారు అన్న నాలుగు సంగతుల మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఈ విషయంలో తెలిసినదంతా మీ పాఠకుల ముందుంచి, మన రెండు నగరాల కార్పొరేషన్లకు ఒక విన్నపం చేయాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందు వేగం సంగతి. రోజుకు 400 కిలోమీటర్లు తోలేవాళ్లకు దారిలో బంకులూ టోల్‌గేట్లే పరిచయమవుతాయి. రోజుకు 150 దాటకుండా, ఒక్కోచోట కనీసం రెండు రాత్రులుండేలా ప్రయాణం వేసుకోవాలి. మొదటి సాయంత్రం టీకొట్టు దగ్గర అందరూ బండిని చూస్తారు. రెండో సాయంత్రం అదే టీకొట్టుకు వెళ్తే మనిషిని చూస్తారు. "ఏ ఊరండీ మీది?" అన్న మాట ఎక్కువగా రెండోరోజే వస్తుంది. మూడో రాత్రి కూడా ఉండగలిగితే "భోజనాలయ్యాయా?" అని వాళ్లే అడుగుతూ వస్తారు. ఒకరోజు ఈ కొట్టు, మరోరోజు ఆ కొట్టు అని మారిస్తే ఇది జరగదు. పక్క కొట్టులో టీ బాగున్నా సరే, పరిచయం కావాలంటే ఒకే కొట్టు పట్టుకుని, ఇంచుమించు ఒకే వేళకు వెళ్లాలి.

ఇక ఆగే వేళ. చీకటి పడటానికి గంటన్నర ముందే, అంటే వేసవిలో 5 గంటలకు, చలికాలంలో 4 గంటలకు బండి ఆగిపోవాలి. వెలుతురు ఉండగా వస్తే కిందికి వేలాడే కరెంటు తీగలు, మూతలేని కాలవలు, బురదనేల మనకు కనిపిస్తాయి. అంతకంటే ముఖ్యంగా, మన మొహం ఊరివాళ్లకు కనిపిస్తుంది. రాత్రి పదింటికి హెడ్‌లైట్లు వేసుకుని ఊరి చివర ఆగిన బండి ఎవరికైనా అనుమానమే. కుక్కలు మొరుగుతాయి, ఎవరో 112కు ఫోన్ చేస్తారు, తెల్లారాక సంజాయిషీలతోనే పరిచయం మొదలవుతుంది. అలా మొదలైన పరిచయాన్ని సరిచేసుకోవడం చాలా కష్టం.

అనుమతి అడిగే తీరు మీద మేము ఎక్కువగా చెప్పాలి. ఎందుకంటే సగం చెడేది ఇక్కడే. "ఇక్కడ బండి పెట్టుకోవచ్చా?" అని అడిగితే ఎదుటి మనిషి చిక్కులో పడతాడు. గుడి వాచ్‌మన్‌కో, బంకు కుర్రాడికో అవునని చెప్పే అధికారం ఉండదు, కాబట్టి వద్దనేస్తాడు. "రెండు రాత్రులు ఉండాలనుకుంటున్నామండీ, ఎక్కడ పెట్టుకుంటే ఎవరికీ అడ్డం లేకుండా ఉంటుంది?" అని అడగండి. అప్పుడతను ఆలోచిస్తాడు, చుట్టూ చూస్తాడు, ఒక చోటు చూపిస్తాడు. చోటు చూపించినందుకు మీ తరఫున కొంత బాధ్యత కూడా తీసుకుంటాడు. రేపు ఎవరైనా వచ్చి అడ్డం చెప్పినా "నేనే పెట్టుకోమన్నాను లెండి" అంటాడు. అడిగేటప్పుడే ఎంతమంది ఉన్నారు, ఎన్ని రాత్రులుంటారు, వంట ఎక్కడ చేసుకుంటారు, చెత్త ఏం చేస్తారు అన్నవి చెప్పేయాలి. "ఇబ్బందైతే ఏ వేళైనా చెప్పండి, తీసేస్తాం" అన్న మాట మరిచిపోకూడదు. పల్లెల్లో అయితే రచ్చబండ దగ్గరున్న పెద్దవాళ్లను ముందు పలకరించి, తర్వాత సచివాలయంలోనో సర్పంచి ఇంట్లోనో ఒక మాట చెప్పి రావాలి. గుడి దగ్గర ఆఫీసులో, దాబా దగ్గర కౌంటర్‌లో, బంకు దగ్గర మేనేజర్‌ను అడగాలి. బంకులో ఆగినరోజు డీజిల్ అక్కడే పోయించుకోవాలి, దాబాలో ఆగినరోజు ఒక పూటైనా అక్కడే తినాలి. ఇది మర్యాదే కాదు, వాళ్ల బతుకుతెరువు కూడా. బంకు ఆవరణలో స్టవ్ వెలిగించే ఆలోచనే పెట్టుకోవద్దు.

బండి నిలిపే తీరు ఇంకొకటి. మన వ్యాన్లకు జారుడు తలుపు ఎడమవైపు ఉంటుంది. ఆ తలుపు గోడకేసి ఉండేలా ఆపితే రెండురోజులున్నా లోపల ఎవరున్నారో ఎవరికీ తెలియదు. మనుషులు నడిచే వైపుకు తలుపు తెరుచుకోవాలి, కానీ ఎవరి గుమ్మానికీ సూటిగా ఎదురుగా ఉండకూడదు. బండి మూతి రోడ్డువైపు ఉండాలి, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీయకుండా వెళ్లిపోవచ్చు. చక్రాలకు చెక్కముక్కలు అడ్డం పెట్టుకోవాలి. చింతచెట్టు, వేపచెట్టు నీడ మంచిది. కొబ్బరిచెట్టు కింద మాత్రం ఒక్క గంట కూడా వద్దు. రావిచెట్టు అరుగు ఊరివాళ్ల సాయంత్రపు చోటు, దాన్ని మూసేసేలా బండి పెడితే ఊరంతటికీ చెడ్డవాళ్లమవుతాం. ఉండవల్లి వైపు పొలాల దారుల్లో తెల్లవారుజామునే పూలు, కూరగాయలు వేసుకుని రైతులు బయల్దేరతారు. ఆ దారికి అడ్డంగా పడుకుని లేచేవాళ్లకు అక్కడ పలకరింపులు దొరకవు. హైవే అంచున ఆపడం అన్నిటికంటే ప్రమాదం. బండి చెడి ఆగిపోతే ఇండికేటర్లు రెండూ వేసి, వెనక త్రికోణం పెట్టి, అందరూ రెయిలింగ్ అవతలకు దిగి జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కు ఫోన్ చేయాలి.

అప్పటికే అక్కడ మరో వ్యాను ఉంటే దాని పక్కనే అంటుకుని ఆపొద్దు. కనీసం 5 మీటర్లు వదలండి. వాళ్లు తలుపు తెరుచుకుని బయట కుర్చీ వేసుకుంటే పలకరించమన్నట్టే. తెర మూసి ఉంటే తట్టొద్దు. లోపలున్నవాళ్లు నిద్రపోతుండొచ్చు, ఆఫీసు మీటింగులో ఉండొచ్చు, ఇద్దరూ పోట్లాడుకుని ఉండొచ్చు. మరుసటిరోజు పొద్దున బ్రష్ చేసుకుంటూ ఎదురుపడినప్పుడు మాట దానంతటదే వస్తుంది.

స్నేహానికి పనికొచ్చే సామాను గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే బండి తయారు చేయించుకునేటప్పుడే ఇది తేల్చుకోవాలి. లోపల ఎంత అందంగా చేయించినా, బయట కూర్చునే ఏర్పాటు లేకపోతే వచ్చినవాళ్లు నిలబడి రెండు మాటలాడి వెళ్లిపోతారు. జారుడు తలుపు పక్కన మడతబల్ల ఒకటి, తలుపు పైనుంచి 2 మీటర్లు ముందుకొచ్చే పట్టా, మీకు కావాల్సినవాటికంటే రెండు ఎక్కువ స్టూళ్లు, ఆరు స్టీలు గ్లాసులు ఉంటే చాలు. పట్టా కర్రలకు తాళ్లు కట్టి మేకులు దిగ్గొట్టాలి, లేకపోతే మే నెల సాయంత్రపు గాలివానకు పట్టా చిరిగి, కర్ర ఎవరికో తగులుతుంది. కాగితపు గ్లాసుల్లో టీ పోస్తే తాగి పారేసి వెళ్లిపోతారు. స్టీలు గ్లాసు తిరిగివ్వాలి కాబట్టి ఇంకాసేపు కూర్చుంటారు. బయట దీపం 5 వాట్లకు మించనక్కర్లేదు, పసుపురంగుది అయితే మేలు. తెల్లటి పెద్ద లైటు వేస్తే పురుగులు ముసురుతాయి, పక్క లారీలో పడుకున్న డ్రైవరుకు నిద్ర చెడుతుంది. జనరేటర్ వాడేవాళ్ల దగ్గరికి రెండో సాయంత్రం ఎవరూ రారు.

పల్లెల్లో కరెంటు పోయిన రాత్రులు వ్యాను ఊరికి ఉపయోగపడే అవకాశం. 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీలో దాదాపు 1280 వాట్-అవర్లు ఉంటాయి. ఒక ఫోను నిండా చార్జ్ కావడానికి 20 వాట్-అవర్లు చాలు. ఆరు ఫోన్లు పెట్టినా పదోవంతు కూడా కాదు. 25 వాట్ల ఫ్యాను రాత్రంతా తిరగడానికి 200 కావాలి, అది పక్కన పెట్టుకుని మిగతాది ధైర్యంగా ఇవ్వొచ్చు. పాత సీసం బ్యాటరీ అయితే రాసినదాంట్లో సగమే వాడుకోవాలి, లేదంటే అది త్వరగా పాడవుతుంది. ఇంకో సంగతి, మన ఎండల్లో ప్యానెల్ పెనంలా కాలుతుంది. ప్యానెల్ వేడి 25 డిగ్రీలు దాటాక పెరిగిన ప్రతి డిగ్రీకీ 0.3 నుంచి 0.4 శాతం దాకా కరెంటు తగ్గుతుంది. అందుకే ఎండ ఎక్కువ కదా, చార్జింగ్ కూడా ఎక్కువ వస్తుందన్న లెక్క వేసుకోవద్దు. ప్యానెల్‌కూ పైకప్పుకూ మధ్య నాలుగైదు సెంటీమీటర్ల సందు ఉంచితే గాలి ఆడుతుంది.

లారీ డ్రైవర్ల గురించి వేరుగా చెప్పక తప్పదు. చెన్నై-కోల్‌కతా 16వ నంబరు హైవే, హైదరాబాద్ మీదుగా మచిలీపట్నం వెళ్లే 65వ నంబరు హైవే మన దగ్గరే కలుస్తాయి. దేశంలో ఏ మూల లారీ అయినా ఏదో ఒకరోజు బెజవాడ మీదుగా పోవాల్సిందే. దారి గురించి వాళ్లకు తెలిసినంతగా ఏ మ్యాపుకూ తెలియదు. ఏ ఘాట్‌లో రాళ్లు పడుతున్నాయి, ఏ దాబాలో రాత్రి నీళ్లుంటాయి, ఏ చెక్‌పోస్టు దగ్గర గంటసేపు ఆగాలి అన్నీ చెబుతారు. కానీ వేళ చూసి అడగాలి. రాత్రంతా తోలి మధ్యాహ్నం పడుకున్న మనిషిని లేపితే ఆ పరిచయం అక్కడితో ముగిసినట్టే. లారీ పక్కన స్టవ్ పెట్టి వంట చేసుకునేటప్పుడు, పట్టా తాళ్లు బిగించుకునేటప్పుడు, టైర్లు తట్టి చూసుకునేటప్పుడు పలకరించండి. "అన్నా, ముందు రోడ్డు ఎలా ఉంది?" అనే ప్రశ్నతో మొదలుపెడితే కాదనేవారు లేరు. తర్వాత ఊరు, పిల్లలు, ఇంటికెళ్లి ఎన్నాళ్లయింది అన్న మాటలు వాటంతటవే వస్తాయి. లోడు విలువ ఎంత, ఓనరు ఎవరు, రాత్రి ఎక్కడ ఆపుతారు అన్నవి మాత్రం అడగకూడదు. సరుకు దొంగతనాల భయం వాళ్లకు ఎప్పుడూ ఉంటుంది. క్లీనర్ కుర్రాణ్ని కూడా పేరు అడిగి పలకరించండి, చాలామంది అతన్ని పట్టించుకోరు. గుంటూరు మిర్చియార్డు సీజన్‌లో ఆ చుట్టుపక్కల ఆగేవాళ్లు గాలివాటు చూసుకోవాలి. మిర్చి లోడుకు పట్టా కప్పి ఉన్నా, గాలి మీ వైపు వీస్తే రాత్రంతా తుమ్ములు, కళ్ల మంటలు తప్పవు. లారీకి గాలి వచ్చే వైపున ఆపుకుంటే సరి.

దారిలో ఎక్కువ స్నేహాలు ఎవరి బండో మొరాయించిన చోటే మొదలవుతాయి. అరగంట పక్కపక్కన మోకాళ్ల మీద కూర్చుని పని చేసినవాళ్లు ఒకరినొకరు మరిచిపోరు. అందుకు వ్యానులో ఉండాల్సినవి మంచి జాకీ, చక్రాల నట్లకు సరిపోయే పానా, దానికి తొడిగే మీటరు పొడవు ఇనుపగొట్టం, బ్యాటరీతో నడిచే గాలిపంపు, లాగే తాడు, బ్యాటరీ కేబుళ్లు. కేబుళ్లు 16 నుంచి 25 చదరపు మిల్లీమీటర్ల రాగివి, 3 మీటర్ల పొడవైనా ఉన్నవి కొనండి. పైకి లావుగా కనిపించి లోపల రాగి పలచగా ఉన్నవి సెల్ఫ్ కొట్టగానే వేడెక్కి పొగలొస్తాయి.

బ్యాటరీ దిగిపోయిన బండికి సాయం చేసేటప్పుడు వరస తప్పకూడదు. రెండు బండ్లూ ఒకదానికొకటి తగలకుండా దగ్గరగా ఆపి, ఇంజన్లు ఆపేయాలి. ఎర్ర కేబుల్ ఒక కొస ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్ల కేబుల్ మంచి బ్యాటరీ మైనస్‌కు, దాని రెండో కొస దిగిపోయిన బ్యాటరీకి దూరంగా, ఆ బండి ఇంజన్ మీద రంగులేని ఇనుపభాగానికి పెట్టాలి. చివరి కొస తగిలించేటప్పుడు చిన్న నిప్పురవ్వ వస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉండొచ్చు, అందుకే దూరంగా పెట్టమనేది. మంచి బండిని ఐదు నిమిషాలు ఆన్‌లో ఉంచి, తర్వాత రెండో బండి సెల్ఫ్ కొట్టాలి. స్టార్టయ్యాక పెట్టిన వరసకు తలకిందులుగా విప్పాలి. ప్లస్, మైనస్ తారుమారైతే ఫ్యూజులు, ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు కాలిపోతాయి. ఇంకా పెద్ద పొరపాటు ఒకటుంది. పెద్ద లారీలు 24 వోల్టులవి, వ్యాన్లు 12 వోల్టులవి. మంచి మనసుతో సాయానికొచ్చిన లారీ డ్రైవరైనా సరే, ఆ రెంటినీ కలపనివ్వొద్దు. "మనది 12 వోల్టులన్నా, కలపకూడదు, ఓ చెయ్యేసి తొయ్యండి" అంటే అదే మేలు.

సాయం చేయడం కంటే చిన్న సాయం అడగడంతో మనుషులు త్వరగా దగ్గరవుతారు. బండిలో అన్నీ ఉన్నా, రెండు రెబ్బల కరివేపాకు అడగండి. మంచి పెరుగు ఎవరింట్లో దొరుకుతుందో అడగండి. ఇంటివాళ్లు గిన్నెలో పప్పో కూరో పెట్టి ఇస్తే ఆ గిన్నె ఖాళీగా తిరిగివ్వకపోవడం మన ఇళ్లలో అలవాటే, దారిలోనూ అదే పాటించాలి. గోంగూర పచ్చడి, కారప్పొడి రెండు సీసాలు ఎక్కువ వేసుకుని బయల్దేరితే మన రాష్ట్రం దాటాక అవే మాటలు కలుపుతాయి. గ్యాస్ విషయంలో 5 కిలోల సిలిండర్ ఇద్దరు మనుషుల వంటకు ఇంచుమించు 20 రోజులొస్తుంది, వచ్చిపోయేవాళ్లకు టీలు పెడితే 15 రోజులు. సిలిండర్ నిలబెట్టే ఉంచాలి, అది ఉన్న పెట్టెకు అడుగున రంధ్రాలుండాలి. ఈ గ్యాస్ గాలికంటే బరువు, కారితే కిందికే చేరుతుంది. వానపడుతోందని తలుపులన్నీ మూసి స్టవ్ వెలిగించి కబుర్లు చెప్పుకోవద్దు. వాసనలేని కార్బన్ మోనాక్సైడ్ మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

గుడుల దగ్గర పద్ధతులు వేరు. మంగళగిరి, అమరావతి, కోటప్పకొండ లాంటి చోట్ల సత్రాల్లో డబ్బు కట్టి స్నానం చేయొచ్చు. అలాంటి ఆవరణల్లో గుడ్డు కూడా వండకూడదు. మహాశివరాత్రికి కోటప్పకొండకు ప్రభలు కదిలే దారిలో వ్యాను తీసుకెళ్లడం తగదు, దూరంగా ఏదైనా ఊళ్లో వదిలి జనంతో నడిచి వెళ్లాలి. కార్తీకమాసంలో వనభోజనాలు జరిగే తోటల దగ్గర ఆగినవాళ్లను పిలవకుండా ఉండటం మనవాళ్లకు చేతకాదు. పిలిస్తే మొహమాటపడకండి, కానీ విస్తరి ముందు కూర్చునేలోపు వడ్డనకో, నీళ్లు మోయడానికో లేవండి. సూర్యలంక తీరంలో ఆదివారం వస్తే జనమే జనం, పరిచయం కాదు. మంగళ, బుధవారాల్లో వెళ్తే పడవలవాళ్లతో తీరిగ్గా మాట్లాడొచ్చు. ఉప్పలపాడు పక్షుల చెరువు దగ్గర హారన్ కొట్టకూడదు, పొద్దున్నే అక్కడికొచ్చే పక్షి ప్రేమికులు నెమ్మదస్తులు, పక్షి పేరు అడిగితే అరగంట చెబుతారు.

వచ్చిన స్నేహాన్ని చెడగొట్టేది దాదాపు ఎప్పుడూ మురికినీరే. ఇద్దరు పొదుపుగా వాడితే రోజుకు 30 లీటర్ల నీళ్లు సరిపోతాయి, అందులో తాగడానికి 8 లీటర్లు. అంటే రోజూ 15 నుంచి 20 లీటర్ల వాడిన నీళ్లు తేలతాయి. వాటిని కాలవలో వదిలేద్దామనుకునేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. కృష్ణా డెల్టాలో చాలా ఊళ్ల మంచినీళ్ల చెరువులను కాలవ నీళ్లతోనే నింపుతారు. విజయవాడ నడిబొడ్డున పారే బందరు, ఏలూరు, రైవస్ కాలవల్లో పోసినది దిగువ ఊళ్ల కడవల్లోకి చేరుతుంది. కాబట్టి కింద ట్యాంకు బిగించుకుని, ఎక్కడ పోయాలో ఊరివాళ్లనే అడిగి పోయాలి. సబ్బు లేని నీళ్లు చెట్ల మొదట్లో పోయొచ్చు. గిన్నెలను తోమేముందు కాగితంతో తుడిస్తే నూనె, మెతుకులు ట్యాంకులో చేరి కుళ్లవు. ఊరి బోరింగు కింద గిన్నెలు తోమడం, బట్టలు ఉతకడం వద్దే వద్దు. బిందె పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు ఏమీ అనరు, కానీ ఆ రాత్రికి ఊరంతా తెలుస్తుంది. మరుగుదొడ్డి డబ్బా 20 లీటర్లది అయితే ఇద్దరికి మూడునాలుగు రోజులొస్తుంది. దాన్ని సెప్టిక్ ట్యాంకో డ్రైనేజీయో ఉన్న మరుగుదొడ్డిలో మాత్రమే, ఆ స్థలంవాళ్లను అడిగి పోయాలి. ఘాటైన ఫినాయిల్ కలిపిన డబ్బాను ఒకరి ఇంటి సెప్టిక్ ట్యాంకులో పోస్తే అందులో మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చచ్చి, వాళ్ల ట్యాంకు కంపు కొడుతుంది.

జాగ్రత్తలు చెప్పకుండా స్నేహం గురించి రాయడం తప్పవుతుంది, ముఖ్యంగా ఆడవాళ్లు తోలే బండ్లకు. మొదటిరోజు పరిచయానికి టీ, బయట కుర్చీ చాలు. బండి లోపలికి రెండోరోజు తర్వాతే, అదీ మనసు ఒప్పుకుంటేనే. రేపు ఎక్కడ ఆగుతారో కొత్తవాళ్లకు చెప్పనక్కర్లేదు, "ఇంకా అనుకోలేదండీ" అంటే చాలు. ఫొటోలు ఆ చోటు వదిలాకే పెట్టుకోండి. ఇంట్లో ఒకరికి మీ లైవ్ లొకేషన్ ఎప్పుడూ అందుతుండాలి. అందరూ తినే గిన్నెలోంచి పెట్టినది తినండి, ఒంటరిగా మీకోసమే కలిపి తెచ్చిన పానీయం మర్యాదగా వద్దనండి. దారిలో డబ్బు అప్పడిగినవాళ్లకు చేతికి ఇవ్వకుండా, నిజంగా అవసరమనిపిస్తే బంకులో డీజిల్ పోయించండి, మెడికల్ షాపులో మందు కొనివ్వండి. పిల్లలు బండి చూస్తామని మూగుతారు, పెద్దవాళ్లను తోడు తెచ్చుకోమని చెప్పి ఇద్దరు ముగ్గుర్ని చొప్పున చూపించండి. తల్లిదండ్రులను అడగకుండా పిల్లల ఫొటో తీయకూడదు. నాలుగు రాత్రులకు మించి ఉంటే స్థానిక పోలీసు స్టేషన్‌లో బండి నంబరు, ఫోను నంబరు ఇచ్చి రావడం మంచిది. బండిలో చేయించిన మార్పులు ఆర్‌సీలో ఉన్న వివరాలకు విరుద్ధంగా ఉంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఇబ్బంది వస్తుంది. పని మొదలుపెట్టేముందే రవాణా శాఖలో అడిగి చేయించుకోండి.

కొత్తగా కలిసిన రెండు బండ్లు కలిసి ప్రయాణం చేయాలనుకుంటే, పొద్దున్నే సాయంత్రం ఆగే చోటు అనుకుని ఎవరి వేగంతో వాళ్లు వెళ్లాలి. ఒకరి వెనక ఒకరు రోజంతా తోలితే వెనకవాళ్లు వేగం పెంచేస్తారు, ముందువాళ్లు విసుక్కుంటారు. టోల్, కూరగాయలు, డీజిల్ ఖర్చు మొదటిరోజే ఎలా పంచుకోవాలో అనేసుకోవాలి. మూడురోజులు కలిసి తిరిగాక ఒకరోజు విడిగా ఉండటం మంచిది. విడిపోయేటప్పుడు ఒక పుస్తకంలో పేరు, ఊరు, బండి నంబరు, ఫోను, వాళ్ల పిల్లల పేర్లు రాసుకోండి. ఫోనులో నంబర్లు వందల్లో ఉంటాయి, ఎవరు ఎవరో గుర్తుండదు. వారంలోపు ఒకసారి ఫోన్ చేస్తే ఆ పరిచయం నిలుస్తుంది, నెల దాటితే చాలావరకు చెదిరిపోతుంది.

మన ఊరివాళ్లకూ ఒక మాట. మీ వీధి చివర బయటి రాష్ట్రం నంబరు ఉన్న వ్యాను ఆగితే కిటికీలోంచి తొంగిచూడకండి, వీడియో తీయకండి. తలుపు తెరిచి ఉంటే దగ్గరికెళ్లి పేరు చెప్పి పలకరించండి. మంచినీళ్ల టిన్ను ఎక్కడ దొరుకుతుంది, చెత్తబండి ఎన్నింటికొస్తుంది అన్న రెండు సంగతులు చెప్పినా వాళ్లకు సగం బరువు దిగుతుంది. వానాకాలమైతే చోటు మంచిదో కాదో మీరే హెచ్చరించాలి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బరాజ్ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది, బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. నది ఒడ్డు ఇసుక చల్లగా ఉందని ఆగే పరదేశికి ఆ సంగతి తెలియదు.

ఇక విన్నపం. 2027లో గోదావరి పుష్కరాలు, 2028లో కృష్ణా పుష్కరాలు వస్తున్నాయి. సొంత బండ్లలో వచ్చి అందులోనే పడుకునేవాళ్లు వేలల్లో ఉంటారు. రాత్రి వ్యానులో పడుకుని వంట చేసుకునేందుకు తగిన చోటు నగరంలో లేకే వాళ్లు రోడ్డు పక్కన, కాలవ గట్టున ఆగుతారు. విజయవాడకు ఒకటి, గుంటూరుకు ఒకటి, ముంపు రాని ఎత్తు నేలలో, హైవే నుంచి రెండు కిలోమీటర్లలోపు, సిటీ బస్సు అందే చోట 40 సెంట్ల స్థలం కేటాయించాలని రెండు కార్పొరేషన్లనూ కోరుతున్నాం. బండికి 5 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల పొడవు ఇస్తే 20 బండ్లు, మధ్యలో తిరిగే దారి అందులో పడతాయి. బండికి 60 లీటర్ల చొప్పున వేసుకున్నా రోజుకు 1200 లీటర్లు, 2000 లీటర్ల ట్యాంకు ఒకటి చాలు. మరుగుదొడ్డి డబ్బాలు పోయడానికి డ్రైనేజీకి కలిపిన మూతగుంట ఒకటి, పక్కనే కడుక్కునే కుళాయి. స్నానాల గదులు నాలుగు, రెండు ఆడవాళ్లకు. గేటు దగ్గర బండి నంబరు, ఫోను రాసుకునే వాచ్‌మన్, రాత్రికి ఇంత అని రేటు రాసిన బోర్డు. ఏసీ ప్లగ్గులు అక్కర్లేదు. వీటన్నిటితోపాటు స్థలం మధ్యలో రేకుల పందిరి కింద పదిహేనుమంది కూర్చునే అరుగు, దాని పక్కన వంటగట్టు, కుళాయి తప్పక కట్టించాలి. ఖర్చు తగ్గించాల్సి వస్తే స్నానాల గదులు రెండు తగ్గించినా ఫర్వాలేదు, ఆ అరుగును మాత్రం తీసేయొద్దు. ఏ మూలనుంచో వచ్చిన 20 బండ్లవాళ్లు ఒకరితో ఒకరు, మన ఊరివాళ్లతో మాట కలపడానికి ఆ స్థలంలో ఉండే ఏకైక చోటు అదే. నమూనా పటం, కొలతలతో సహా రెండు కార్పొరేషన్ల ఇంజనీరింగ్ విభాగాలకు అడిగినరోజే ఇవ్వడానికి మేము సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
వ్యాన్లలో ప్రయాణించే కొందరు,
విజయవాడ, గుంటూరు